లెక్కలో లేని ఆదివారం

బళ్ళనీ మనుషుల్నీ రేవు దాటించే పంటు గోదావరి మధ్యలో ఇసుకమేట మీద కూర్చుండిపోయింది. సఖినేటిపల్లి రేవులో ఎక్కినప్పుడే పంటు నడిపే సరంగు నీళ్ళవంక అనుమానంగా చూశాడు, చూసి కూడా బయల్దేరదీశాడు. ఇప్పుడు ఇంజన్ని ముందుకీ వెనక్కీ కాసేపు ఏడిపించి, పొగ తప్ప ఇంకేమీ కదలదని తేల్చుకుని ఆపేశాడు. "సముద్రం పోటు తగిలితేగానీ లేవదండి, గంట పట్టుద్ది" అని ఎవరివంకా చూడకుండా అందరికీ కలిపి ఒకేసారి చెప్పి రెయిలింగుకి చేరగిలబడ్డాడు. మోటారుసైకిళ్ళ మీద ఉన్నవాళ్ళు దిగారు, కొబ్బరికాయల ఆటో డ్రైవరు సీట్లోనే కాళ్ళు చాపుకున్నాడు, అవతల నరసాపురం రేవులో జనం చేతులెత్తి ఏదో సైగ చేస్తున్నారు, అంత దగ్గరగా ఉంది ఒడ్డు. కారు వెనకసీట్లో ప్రిస్కిల్లా ఒళ్ళో లాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంది. ఫోనులో సిగ్నలు నిండుగా ఉంది. నది మధ్యలో అదొక్కటీ లేకపోతే ఎంత బావుండేది, పంపలేకపోయానండీ అనడానికి సాకైనా దొరికేది, రామచంద్రపురంలో అమ్మ వంటింట్లోకి చచ్చినా రాని సిగ్నలు ఇక్కడ నీళ్ళమీద ఊరేగుతోంది. తెరమీద రిపోర్టంతా పూర్తయింది, ఒక్క గడి తప్ప. ఆ గడిలో ఒక వాక్యం రాసి సాయంత్రంలోగా పంపాలి. ఆ వాక్యాన్ని బట్టి రమేష్ బాబు ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఊడుతుంది. రమేష్ బాబు ఆమె పిన్ని కొడుకు. ఈ కారు నడుపుకొచ్చింది వాడే, డ్రైవరు తలుపు బార్లా తెరిచి వదిలేసి ఇప్పుడు సరంగుతో కబుర్లు చెబుతున్నదీ వాడే.

ఏం ఉద్యోగమమ్మా నీది అని రామచంద్రపురం చర్చిలో ఆడవాళ్ళు అడిగితే ప్రిస్కిల్లా మొదట్లో వివరంగా చెప్పబోయేది. హైదరాబాదులో ఒక బీమా కంపెనీ ఉంది, దానికి మెయిన్‌ఫ్రేమ్ అని ఒక పెద్ద మిషను ఉంది, అందులో నడిచే ప్రోగ్రాములు కంపెనీ సొంతం కావు, అద్దెకి తెచ్చుకున్నవి, ఎంత వాడుకున్నారో నెలనెలా నిజాయితీగా ఆ ప్రోగ్రాముల వాళ్ళకి తెలియజేయాలి, ఆ తెలియజేసేది నేనే, రాజమండ్రిలో ఇంట్లో కూర్చుని చేస్తాను అని. వినేవాళ్ళు తలూపుతూనే పిల్లల్ని వెతుక్కునేవాళ్ళు. చివరికి వాళ్ళమ్మ సంపూర్ణమ్మ ఒక ముక్కలో తేల్చేసింది, మా అమ్మాయి కంప్యూటర్లకి కరెంటు మీటరు చూసే ఉద్యోగమండి, అని. పదిహేనేళ్ళ చదువూ అనుభవమూ మీటరు చూడ్డంలో పడిపోయాయి గానీ, ఆలోచిస్తే అంతకన్నా బాగా చెప్పడం కష్టం. ఒక్కటే తేడా. కరెంటు మీటరు వాడినదంతా కూడుతుంది. ఇది కూడదు. నెల మొత్తంలో ఏ నాలుగు గంటల సగటు అన్నిటికన్నా ఎక్కువో దాన్నే పట్టుకుంటుంది, మిగతా నెలంతా మిషను గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నా సరే. మనుషుల్నీ ఇలాగే కొలిస్తే ఎలా ఉంటుందా అని ఆమె అప్పుడప్పుడూ అనుకుంటుంది. అమ్మకైతే వెతకక్కర్లేదు, ఏ ఆదివారమైనా ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో ఆవిడ గొంతు లేచిన సమయం. ఆఫీసులో తన పైనున్న రాజుగారికి కొత్త మిషను దింపిన రోజు. రమేష్ బాబుకి పెళ్ళి కావచ్చు. తనకి ఏదో ఎంత తడిమినా దొరకలేదు, ఇంకా రాలేదేమో, వచ్చి తను నిద్రలో ఉండగా వెళ్ళిపోయిందేమో. రెయిలింగు మీద ఒక కాకి వచ్చి వాలింది, సరంగు దాన్ని తోలలేదు.

గడి ఎందుకు ఖాళీగా ఉందంటే, గడిచిన నెల మొదటి ఆదివారం పొద్దున్న కొన్ని గంటలకి లెక్కే లేదు. మిషను ఎంత వాడిందో ఎప్పటికప్పుడు దానంతట అదే రాసుకునే ఏర్పాటు ఒకటి ఉంటుంది, ఆ గంటల్లో ఆ రాత ఆగిపోయింది. లెక్క లేని చోట కారణం రాయాలి, అది నియమం. మిషనే ఆగిపోయి ఉంటే ఆగిందని ఒక ముక్క రాస్తే చాలు, ఆ గంటలు పుట్టనట్టే. మిషను నడుస్తూ రాత మాత్రం ఆగిందంటే కథ వేరు, ఆ గంటల్లో మిషనంతా అంచుల దాకా వాడేసినట్టే లెక్కగడతారు, పైగా ఎవరాపారు, ఎందుకాపారు అని అడుగుతారు. ప్రిస్కిల్లా మొదట మిషను ఆగిందనే అనుకుంది, ఆదివారం కదా, ఏదో మరమ్మతు అయ్యుంటుందని. తీరా చూస్తే అదే గంటల్లో మొదలై అదే గంటల్లో ముగిసిన పనులు బారులు తీరి కనిపించాయి. శనివారం రాత్రి మధ్యలో విరిగిపోయిన చెల్లింపుల పనిని మర్నాడు పొద్దున్న మళ్ళీ మొదట్నించీ నడిపారు, మిషను ఆ నెలంతటిలోకీ ఎక్కువ కష్టపడింది ఆ పూటే. ఆ పైన, రాత ఆపమని టైపు చేసిన ఆదేశం కూడా కనిపించింది, కొంతసేపటికి మళ్ళీ మొదలుపెట్టమన్న ఆదేశమూ, రెండింటి పక్కనా ఒకే మనిషి గుర్తు. ఆ గుర్తు ఎవరిదో వెతుక్కోనక్కర్లేదు, మిషనుని కనిపెట్టుకుని ఉండే ఆ ఆపరేటరు ఉద్యోగంలోకి రమేష్ బాబుని సిఫార్సు చేసిందే ఆమె.

ఎందుకు ఆపాడో కూడా ఎవరూ చెప్పక్కర్లేకుండా ఆమెకి తెలిసిపోయింది. హైదరాబాదులో కూర్చున్నవాళ్ళు వందేళ్ళు తల బాదుకున్నా వాళ్ళకి తెలియదు. మొదటి ఆదివారం సంస్కారపు ఆదివారం, గుళ్ళో ప్రభువు రొట్టే ద్రాక్షరసమూ ఇచ్చే రోజు. అంతకుముందు నెల వాడు ఇంటి నుంచే డ్యూటీలో ఉండి కూడా చర్చికి వచ్చాడు, మిషను ఏదన్నా అడిగితే ఫోను మోగుతుంది, ఒక మాట జవాబు కొడితే చాలు, ఆమాత్రానికి సంస్కారం మానుకోవాలా అనుకున్నాడు. బలిపీఠం ముందు వరసలో మోకాళ్ళమీదున్నాడు. పాస్టరు అయ్యగారు ద్రాక్షరసం గిన్నె పట్టుకుని వాడి పక్క మనిషి దాకా వచ్చారు. అప్పుడు వాడి జేబులో మోగింది. మామూలు మోత కాదు, ఎంత నిద్రలో ఉన్నా లేచి కూర్చోవాలని కంపెనీవాళ్ళు పెట్టిన అంబులెన్సు మోత, దాన్ని మార్చడానికి వీల్లేదు. నోరు నొక్కితే ఇంకో చిక్కు, జవాబు రాకపోతే ఆ మోత నేరుగా రాజుగారింట్లో మోగుతుంది. అయ్యగారు గిన్నె పట్టుకుని అలాగే ఆగిపోయారు, కీబోర్డు వాయించే కుర్రాడు వేళ్ళెత్తేశాడు, వాడు మోకాళ్ళమీదే జేబు తడుముకుంటుంటే గుడి గుడంతా చూసింది. వాడకం లెక్క రాసుకునే చోటు నిండిపోయింది, ఖాళీ చెయ్యమంటావా అని మిషను అడిగిన పిచ్చి ప్రశ్న అది, అంతే. అయ్యగారు ఒక్కమాట అనలేదు. ఆయన వంతు కూడా సంపూర్ణమ్మే అనేసింది, ఆవరణలో వేపచెట్టు కింద, నలుగురిలో.

"ప్రభువు రక్తం నోటికందుతుంటే నీకు ఆఫీసు పిలుపొచ్చిందంట్రా? ఇంకోసారి ఆ కూత గుళ్ళో వినపడిందో, ఈ పెద్దమ్మ లేదనుకో."

వాడి పక్కన భార్య రెబెక్కా, కొత్త పెళ్ళికూతురు, కొంగు నోటికడ్డం పెట్టుకుని నేలవైపు చూస్తూ నిలబడింది. ప్రిస్కిల్లా కూడా అక్కడే ఉంది, నవ్వుకుంది కూడా, ఆ నవ్వు ఇప్పుడు తలచుకుంటే బాగోలేదు. మర్నెల మొదటి ఆదివారం వాడు చేసింది చూస్తే వాడి బుర్రలో ఏం నడిచిందో పుస్తకం చదివినట్టు చదవొచ్చు. ఫోను మోగేది రాసుకునే చోటు నిండినప్పుడు. రాతే లేకపోతే చోటు నిండదు, చోటు నిండకపోతే మోత లేదు. ఆదివారం పొద్దున్న మిషను ఎలాగూ ఖాళీగా ఉంటుంది, ఖాళీ మిషను లెక్క ఎవడిక్కావాలి, గుట్టుచప్పుడు కాకుండా ఆపి, సంస్కారం తీసుకుని, ఇంటికొచ్చి మొదలుపెడితే సరి. శనివారం పని విరిగిందనీ, హైదరాబాదువాళ్ళు దాన్ని పొద్దున్నే మళ్ళీ నడుపుతున్నారనీ కబురు వాడికి అందలేదు. ప్రపంచంలో ఎన్ని కంపెనీల్లో ఎన్ని మెయిన్‌ఫ్రేములున్నాయో, గుళ్ళో ఫోను మోగకూడదని లెక్క ఆపేసినవాడు మాత్రం వీడొక్కడే అయ్యుంటాడు.

రాజుగారు నిన్న ఫోన్ చేశారు. రాజుగారంటే శ్రీనివాసరాజు, వాళ్ళ టీముకి పెద్ద, భీమవరం వైపు మనిషి, కోప్పడాల్సి వచ్చినా అండి లేకుండా కోప్పడలేరు. "చూడండి ప్రిస్కిల్లా గారూ, ఆదివారం మెయింటెనెన్సు కోసం మిషను ఆపామని రాసేయండి. ఎవరొచ్చి చూస్తారండి? కుర్రాడికి పెళ్ళై ఏడాది కూడా కాలేదు. మీ తమ్ముడేనంట కదండి?"

"అవునండి."

"మరింకేంటండి, ఆలోచిస్తున్నారు?"

ఆలోచించడానికేమీ లేదు నిజానికి. చెడ్డవాడు అబద్ధం రాయమంటే ఎదురు చెప్పడం తేలిక, ఆ చెప్పడంలో ఒక దర్జా కూడా ఉంటుంది. రాజుగారు చెడ్డవాడు కాదు. కంపెనీకి గొడవ తప్పుతుంది నిజమే, కానీ ఆయన ముందు తలుచుకున్నది కుర్రాడి కడుపే. ఆమె గొంతులో తడబాటు విని, రేపు ప్రయాణంలో ఉంటానన్నారుగా, నెమ్మదిగా రాయండి, సాయంత్రంలోగా పంపితే చాలండి అని కూడా అన్నారు. భోంచేశారా అని అడిగి పెట్టేశారు. ప్రిస్కిల్లా ఫోను చేత్తో పట్టుకుని రాజమండ్రిలో తన వంటింట్లోనే నిలబడిపోయింది, పొయ్యి మీద పాలు పొంగాయి.

నీళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. రమేష్ బాబు ఇప్పుడు సరంగుని వదిలేసి కొబ్బరికాయల ఆటో అతనితో మాట్లాడుతున్నాడు, వాడికి మనిషైతే చాలు. పొద్దున్నించీ అంతే. మాణిక్యాంబ అత్త నరసాపురంలో కట్టుకున్న ఇంటికి ఈ సాయంత్రం కృతజ్ఞతా ప్రార్థన కూటం, అమ్మ వంటలకని నిన్ననే వెళ్ళిపోయింది, నేను తీసుకెళ్తానక్కా అని వాడే ముందుకొచ్చి స్నేహితుడి కారు తెచ్చాడు. తీసుకెళ్తానన్నాడంటే దారిలో చెబుతాడని ఆమె అనుకుంది. కొత్తపేట దాటాక చెబుతాడనుకుంది, వాడు రొయ్య రేటు పడిపోయిన సంగతి చెప్పాడు. అంబాజీపేట దాటాక చెబుతాడనుకుంది, అక్కడి కొబ్బరి రేటు చెప్పాడు. రాజోలు దాటాక వాడి దగ్గర చెప్పడానికి రేట్లయిపోయాయి, పాటలు పెట్టాడు. తనూ అడగలేదు. అడిగితే వాడు చెప్పాల్సొస్తుంది, చెబితే తను విన్నట్టవుతుంది, విన్నాక తెలియదనడానికి ఉండదు. వాడి వీపు చూస్తూ కూర్చుంది దారంతా. డిగ్రీ అయ్యాక వాడు రొయ్యల చెరువుల దగ్గర నీళ్ళు పరీక్ష చేసే చోట కొన్నాళ్ళు, తునిలో ఏదో ఫైనాన్సు ఆఫీసులో కొన్నాళ్ళు, ఏమీ లేకుండా చాన్నాళ్ళు ఉన్నాడు. ఆ ఏమీ లేని రోజుల్లో ఎవరింటికొచ్చినా గుమ్మం దగ్గరే మాట్లాడి వెళ్ళిపోయేవాడు, కూర్చోరా అంటే పనుందనేవాడు, ఏ పనీ లేదని అందరికీ తెలుసు. ఈ ఉద్యోగం వచ్చాకే మనుషుల ఇళ్ళల్లో కూర్చోవడం మొదలుపెట్టాడు.

నాన్నయితే ఏం చేసేవాడో ఆమెకి తెలుసు. యెహెజ్కేలు కాలవల శాఖలో లస్కరుగా చేశాడు, కాలవ లాకు దగ్గర. రోజూ మెట్లు దిగి గేజి రాయి మీద నీటిమట్టం చూసి నల్లబల్ల మీద రాయాలి. నాన్న దిగేవాడు కాదు. వసారాలో కుర్చీలోంచే మెడ చాపి కాలవని ఒక చూపు చూసి రాసేసేవాడు. చిన్నప్పుడు తనొకసారి దిగి దగ్గరగా చూసొచ్చి, నాన్నా నువ్వు రాసింది తప్పు అంది. "నీ కళ్ళు చిన్నవి కాబట్టి దగ్గరికెళ్ళాలే, నావి పెద్దవి" అన్నాడు నాన్న, నవ్వుతూ. సర్వీసంతా ఆ పెద్ద కళ్ళతోనే వెళ్ళిపోయింది. కాలవ కింద పంటలు పండాయి, ఊళ్ళు మునగలేదు, రిటైరైన రోజు దండలేసి ఊరేగింపుగా ఇంటికి తెచ్చారు. అబద్ధపు అంకె మూలంగా ఎవరికన్నా ఏదన్నా అయిందా అంటే ఏమీ కాలేదు. కాబట్టి నిక్కచ్చితనం తనకి ఇంటినుంచి వచ్చిందనడానికి లేదు, పైగా ఇంట్లో అందరికన్నా సుఖంగా నిద్రపోయిన మనిషి నాన్నే.

ఆమె గడిలో ఇంగ్లీషులో రాసింది, మెయింటెనెన్సు నిమిత్తం మిషను ఆపబడినది, అని. వాక్యం చూడ్డానికి బాగానే ఉంది, అంతకుముందు ఎన్నోసార్లు నిజంగా మిషను ఆగినప్పుడు రాసిన వాక్యమే, చెయ్యి అలవాటుగా వెళ్ళిపోయింది. చెరిపేసింది. మళ్ళీ రాసింది. ఏంటి నా బాధ అని తననే తను అడిగింది, కొంచెం విసుగ్గానే. ప్రోగ్రాముల వాళ్ళకి నష్టమనా, వాళ్ళెవరో తనకి తెలియదు, తెలిసినా జాలిపడేంత బీదవాళ్ళు కారు. దేవుడు చూస్తాడనా, ఆయనకి ఇంతకన్నా పెద్ద పనులున్నాయి. పట్టుబడతాననా, రాజుగారన్నట్టు ఎవరొచ్చి చూస్తారు. ఇవేవీ కావు. ఆ పూట మిషను పని చేసింది. విరిగిపోయిన పనిని మొదట్నించీ ఎత్తుకుని, ఎవరెవరికో రావాల్సిన చెల్లింపులన్నీ ముగించింది. ముగించినదాన్ని పట్టుకుని ఆ పూట నిద్రపోయిందని రాయాలి. బడికొచ్చి ముందు బెంచీలో కూర్చున్న పిల్లకి హాజరు వేయకుండా వదిలేసినట్టు ఉంది. మిషనుకి అది తెలియదు, తెలియకపోతే మాత్రం. అంతకన్నా పెద్ద కారణం ఏదన్నా ఉందేమోనని వెతికింది, లేదు. ఇంత చిన్న కారణానికి ఒక మనిషి అన్నం తీసేస్తావా అని తనని తనే నిలదీసుకుంది. వాక్యం మళ్ళీ చెరిపేసింది, గడిలో గీత ఒక్కటీ మెరుస్తూ ఆరుతూ ఉంది.

ముందు తలుపు దగ్గర నీడ పడింది. రమేష్ బాబు వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. స్టీరింగు మీద రెండు చేతులూ వేశాడు, బండి ఎక్కడికీ వెళ్ళేది లేకపోయినా.

"రాజుగారు నాకూ ఫోన్ చేశారక్కా."

"ఏమన్నారు?"

"మిషను ఆగిందని రాయిస్తున్నాను, మీరు నోరు మూసుక్కూర్చోండి అన్నారు." స్టీరింగు మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు. "రాసేశావా?"

"లేదురా."

వాడు అద్దంలోంచి కూడా ఆమెవైపు చూడలేదు. ఎవరో మోటారుసైకిలు హారను ఊరికే కొట్టారు, పొద్దుపోక. ఇంతా చేసి దక్కినదేదో వాడికి దక్కాలి కదా అనిపించింది ఆమెకి, పోయేది పోయినా అదన్నా మిగిలిందని తెలిస్తే తనకి కొంచెం తేలికవుతుందేమోనని, అందుకే అడిగింది. ఆ ఆదివారం రాజమండ్రిలోనే ఉండిపోయింది తను.

"సంస్కారం ప్రశాంతంగా తీసుకున్నావా మరి, ఆ రోజు?"

"తీసుకోలేదు."

"అదేంట్రా?"

"ముందు పాపాల ఒప్పుకోలు చదువుతాం కదక్కా, అందరం లేచి నిలబడి. నోరు పెగల్లేదు నాకు. దొంగతనంగా ఆపేసొచ్చి ఇక్కడ నించుని ఇది చదవడం ఏంటనిపించింది. చివరి బెంచీలో కూర్చుండిపోయాను. పెద్దమ్మ అడిగితే కడుపులో బాగోలేదన్నాను." వేలాడుతున్న తాళాల గుత్తిని వేలితో ఆపాడు. "లేచి అప్పుడే ఇంటికెళ్ళి మొదలెట్టేసినా బావుండేది. అదీ చెయ్యలేదు. ఆశీర్వాదం అయ్యేదాకా అలాగే కూర్చున్నాను."

ప్రిస్కిల్లాకి ఏడుపొచ్చింది. కిటికీవైపు తిరిగి ఆపుకుంది. వాడిమీద జాలో, ఆ చివరి బెంచీ మీదో తెలియదు, అంతసేపూ వాడు అక్కడ ఒక్కడే ఎలా కూర్చున్నాడో అదే కళ్ళముందు నిలిచింది. తర్వాత లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని రాయడం మొదలుపెట్టింది, ఈసారి ఆగలేదు. ఆ పూట మిషను నడుస్తూనే ఉంది, డ్యూటీలో ఉన్న ఆపరేటరు పొరపాటున వాడకపు నమోదు ఆపాడు, కొన్ని గంటల తర్వాత తిరిగి ప్రారంభించాడు, అని. పొరపాటున అనే ఆ ఒక్క మాట ఆలోచించే పెట్టింది. కంపెనీ నియమాల్లో పొరపాటుకి హెచ్చరికతో సరిపెడతారు, కావాలని ముట్టుకుంటేనే ఉద్యోగం తీస్తారు, చేరిన రోజున అందరిచేతా దానిమీద సంతకం పెట్టించుకుంటారు. మిషను నడిచిందన్నది నిజం, రాత ఆగిందన్నది నిజం, మధ్యలో ఈ ఒక్క మాట తమ్ముడికోసం. ఇంతకన్నా తను ఇవ్వగలిగింది ఏమీ లేదనుకుంది, ఇచ్చినందుకు కొంచెం తృప్తి కూడా కలిగింది. సీట్ల మధ్యలోంచి లాప్‌టాప్ వాడివైపు తిప్పింది.

"చదువు. ఇలా పంపుతున్నాను."

వాడు ముందుకి వంగి చదివాడు. నెమ్మదిగా, పెదవులు కదుపుతూ, చిన్నప్పుడు ఇంగ్లీషు వాచకం చదివినట్టే చదివాడు. ఒకచోట వేలు పెట్టాడు.

"ఇది తీసెయ్యక్కా."

"ఏది?"

"పొరపాటున అన్నావు చూడు, అది. పొరపాటు కాదు కదా."

"నీకు తెలుసా అది తీసేస్తే ఏమవుద్దో?"

"తెలుసు. సంతకం పెట్టాను కదా."

ఆమె వాడి ముఖంలోకి చూసింది, వాడు వేలు తియ్యలేదు. ఆమె ఆ మాట చెరిపేసింది. వాడు వాక్యం మళ్ళీ మొదట్నించీ చదువుకుని, సీటుకి వెనక్కి ఆనుకున్నాడు.

"ఇప్పుడు కరెక్టుగా ఉందక్కా, పంపెయ్" అన్నాడు.